లెమ్యుయెల్ మామయ్య ఓటు

మా లెమ్యుయెల్ మామయ్య చనిపోయాక కూడా ఎన్నికల్లో నిలబడుతూనే ఉన్నాడు. ప్రతిసారీ ఆయనకు సరిగ్గా ఒక్క ఓటు పడేది. ఆ ఓటు మా వెర్నెల్ అత్తది.

ఆయన బతికున్న రోజుల్లో, మా నియోజకవర్గం నుంచి శాసనసభకు మా పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే తొలి ఎన్నికలో, మామయ్యా ఎదురింటి జెరూషా స్పైట్ గారూ పోటీ పడ్డారు. మామయ్య ఓడిపోయాడు. ఓడింది కూడా మా చర్చి క్వయర్‌లో ఎంతమంది పాడతారో అన్ని ఓట్ల తేడాతోనే. ఆయన నవ్వేసి, మర్నాడు రోడ్డు దాటి వెళ్ళి జెరూషాను అభినందించి, ఆమె పెట్టిన పౌండ్ కేకు తిని వచ్చాడు. అత్త ఓటమినైనా మరిచిపోయేదేమోగానీ ఆ కేకును మాత్రం క్షమించలేదు. అప్పటినుంచి బ్యాలెట్ మీద జెరూషా పేరు కనిపిస్తే చాలు, దాన్ని వదిలేసి, కింద ఖాళీగా ఉంచే చోట 'లెమ్యుయెల్ బుల్లక్' అని గుండ్రటి అక్షరాలతో రాసి వచ్చేది. అచ్చు వేసిన పేర్లు నచ్చనివాళ్ళు తమకు నచ్చిన పేరు రాసుకోవచ్చు మా దగ్గర.

పోలింగు మా చర్చి హాల్లోనే జరుగుతుంది. లెక్క పూర్తయ్యాక సంఘ పెద్ద మోయ్ గారు కళ్ళజోడు సర్దుకుని ఫలితం పైకి చదువుతారు. చేత్తో రాసిన పేర్లను 'ఇతరులు' అని చదివేస్తే సరిపోతుంది. కానీ మోయ్ గారు మామయ్యతో కలిసి చేపలు పట్టిన మనిషి. అందుకని చివర్లో గొంతు పెంచి "లెమ్యుయెల్ బుల్లక్, ఒకటి" అనేవారు. హాలంతా "ఆమెన్" అనేది. అందరికంటే గట్టిగా అనేది జెరూషాయే. మామయ్య పోయాక కూడా ఆ ఆనవాయితీ ఆగలేదు. మా ఊళ్ళో ఎన్నిక అంటే, ఎవరు గెలిచారన్నది తర్వాతి మాట, ముందు ఆ ఆమెన్ వినబడాలి.

నేను వెర్నెల్ అత్త మేనకోడల్ని, డెల్ఫీన్‌ని. మొగుడితో తెగతెంపులయ్యాక అత్త పంచన చేరి, స్కూలు బస్సు నడుపుకుంటూ బతుకుతున్నాను. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. అత్తకు మోకాళ్ళ నొప్పులొచ్చి తిరిగే కాలు ఆగిపోయింది గనక, దాని బలం కూడా నోటికే వచ్చి చేరింది.

జనాభా లెక్కలు అయ్యాక రాజధానిలో నియోజకవర్గాల సరిహద్దులు మళ్ళీ గీశారు. మా దగ్గర ఆ పెన్సిలు గెలిచినవాళ్ళ చేతికే ఇస్తారు, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. మా పార్టీ చేతిలో ఉన్నప్పుడు మేము మాత్రం ఆ పెన్సిల్ని పూజలో పెట్టుకున్నామని నేను చెప్పడం లేదు. కానీ ఈసారి గీసినవాళ్ళ చెయ్యి మరీ వంకర తిరిగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఇన్నేళ్ళుగా మా శాసనసభ్యురాలైన జెరూషా పెద్దమ్మ హాల్లో బల్ల మీద అయిదు గ్లాసుల టీ పెట్టించింది. పొట్టి మనిషి, పెద్ద టోపీ, అంతకంటే పెద్ద గొంతు.

"ఇదిగో, ఈ అయిదు గ్లాసులూ మన చుట్టుపక్కల అయిదు సీట్లు. ఈ గిన్నెలో పంచదార మన ఓట్లు. ఇన్నాళ్ళూ మూడు గ్లాసుల్లో టీ తియ్యగానే ఉండేది. ఇప్పుడేం చేశారో చూడండి." గిన్నెలో ముప్పాతిక వంతు ఒకే గ్లాసులో వొంపేసింది. మిగిలింది మిగతా నాలుగింటిలో తలో చిటికెడు చల్లింది. "పంచదార ఒక్క పలుకు కూడా తగ్గలేదు. కానీ నాలుగు గ్లాసులు చేదు. అవతలి పార్టీకి ఓటర్లు పెరిగారా? లేదు. సీట్లు పెరిగాయి. ఇంకొక్క సీటు వాళ్ళ చేతికి పోయిందంటే, గవర్నర్ వద్దన్న చట్టాన్ని కూడా వాళ్ళంతట వాళ్ళే పాస్ చేసుకోవచ్చు. ఆ ఒక్క సీటూ నాది."

వెనక బెంచీ నుంచి అత్త అందుకుంది. "అంత పంచదార ఒకదాంట్లో పోస్తే తాగేదెవరే? ఓహో, నువ్వు పొద్దున్న జావలో కూడా అంతే పోసుకుంటావుగా!"

"పోసుకుంటాను. అందుకే నా మాట తియ్యగా ఉంటుంది. నువ్వు ఉప్పేసుకుంటావు, అందుకే నీ నోట్లోంచి వచ్చేది గాయం మీద పడ్డట్టుంటుంది."

హాలంతా నవ్వింది. నవ్వాక జెరూషా అసలు సంగతి చెప్పింది, అప్పుడెవరూ నవ్వలేదు. కొత్త గీత మా పత్తిమిల్లు రోడ్డు నడిమధ్య నుంచి పోతోంది. రోడ్డుకు తూర్పున ఉన్న ఆమె ఇల్లు అవతలి పార్టీ కంచుకోటలో పడింది. పడమర పక్క మాత్రం ఆమె పాత నియోజకవర్గంలోనే ఉంది. ఆమెను ఎరిగినవాళ్ళు, ఆమె ఫోను చేస్తే లేచి కూర్చునేవాళ్ళు అంతా ఇటు, ఆమె మంచం ఒక్కటీ అటు. ఆ పాత నియోజకవర్గంలో నిలబడాలంటే ఎన్నికకు ఏడాది ముందు నుంచీ అక్కడే కాపురముండాలి. ఆమె నిలబడకపోతే ఆ చిటికెడు పంచదారతో గెలిచే మనిషి మా పార్టీలో ఇంకెవరూ లేరు. ఈ మాట ఆమె గొప్పకు చెప్పుకోలేదు, మాకందరికీ తెలుసు.

"పడమర వైపు ఎవరింట్లోనైనా గది ఖాళీ ఉందా?" అని పాస్టర్ గారు అడిగారు.

మా రోడ్డుకు పడమర ఉన్నవి మా ఇల్లు, చర్చి శ్మశానం, సోయా చేను; అటు మిగతా ఇళ్ళన్నీ దూరంగా పట్నంలోనే. శ్మశానంలో చోటుంది గానీ అక్కడికి అప్పుడే వెళ్ళే ఉద్దేశం జెరూషాకు లేదు. అక్కడ అద్దెకుంటే ఓట్ల కోసం పరాయి చోట గుడారమేసిందంటారు. అందరూ ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకుంటున్నారు. అప్పుడు అత్త కర్ర ఊతంగా లేచింది.

"మా ఇంట్లో ఉంది. లెమ్యుయెల్ గేలాలు పెట్టుకున్న గది."

జెరూషా టోపీ వెనక్కి తోసి చూసింది. "వెర్నెల్, నువ్వు నాకు ఓటేస్తావా?"

"చచ్చినా వెయ్యను. కానీ నీకు ఓటెయ్యకుండా ఉండాలంటే ముందు నీ పేరు కాయితం మీద ఉండాలి కదే! నిన్ను కాదనడం నా హక్కు. ఎక్కడో కూర్చున్నవాడు ఓ గీత గీసి నా తరఫున కాదంటే నేను ఒప్పుకోను."

మా అత్త మీద నాకు కోపం వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఆ రోజు మాత్రం వెళ్ళి కావలించుకోవాలనిపించింది. కావలించుకుంటే కర్రతో కొడుతుందని ఊరుకున్నాను.

అలా ఒకే ఒరలో రెండు కత్తులు దూరాయి. ఉప్పూ నిప్పూ అంటారు, మా ఇంట్లో అది ఉప్పూ పంచదారా అయింది. పొద్దున్నే అత్త మొక్కజొన్న జావ కాచి ఉప్పేసి దించేది. ఆవిడ అటు తిరగ్గానే ఈవిడ గిన్నెలోనే పంచదార కలిపేది. తన పళ్ళెంలో కలుపుకోవచ్చు కదా అంటే, "పొయ్యి మీద కలిస్తేనే రుచి తల్లీ" అనేది. అత్త కాచిన జావ గిన్నె దాచేది, ఈవిడ పంచదార ముందే నీళ్ళలో వేసేది. జెరూషా స్నానాల గదిలో స్తోత్రగీతాలు ఎత్తుకుందంటే గంటసేపు బయటికి వచ్చేది కాదు. అత్తేమో టీవీలో వంటల కార్యక్రమం ఊరంతటికీ వినిపించేలా పెట్టేది. మధ్యాహ్నం జెరూషా రోడ్డు దాటి వెళ్ళి తన పూలకుండీలకు నీళ్ళు పోసి, తన ఇంటి వసారాలో కాసేపు చుట్టంలా కూర్చుని, తిరిగి వచ్చేసేది. నిద్ర మాత్రం ఎప్పుడూ మా ఇంట్లోనే. గేలాల గదిలో మామయ్య ఫొటో ఉండేది. ఆమె దాన్ని తుడవడం నేను చూశాను, అత్తకు చెప్పలేదు.

వసంతంలో అవతలి పార్టీ అభ్యర్థి ఫిర్యాదు పెట్టాడు. జెరూషా స్పైట్ పడమటి వైపు ఉంటున్నట్టు నటిస్తోందట, నిజానికి కాపురం తూర్పునేనట. రోజూ అక్కడ పూలకుండీలకు నీళ్ళెవరు పోస్తున్నారో చూడండి, అని. ఫిర్యాదు నిలబడితే ఆమె పేరు బ్యాలెట్ మీంచి తీసేస్తారు.

ఎన్నికల బోర్డు ముందు విచారణ. వాళ్ళ లాయరు కుర్రవాడు, మెరిసే బూట్లు, మెరిసే జుట్టు. ఊళ్ళో వాకబు చేసి తనకు తానే గొప్ప సాక్షిని వెతుక్కున్నాడు. ఎవరనుకున్నారు? మా అత్త! జెరూషాకు జన్మలో ఓటెయ్యని ఏకైక మనిషి ఈమేనని ఎవరో చెప్పారట. అత్త కర్ర పుచ్చుకుని సాక్షి కుర్చీలో కూర్చుంది. జెరూషా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె టోపీ తీయగా నేను అంతకు ముందు చూడలేదు.

"అమ్మా, జెరూషా గారంటే మీకు ఇష్టమా?" అన్నాడు లాయరు.

"లేదు."

"ఎప్పుడైనా ఆమెకు ఓటేశారా?"

"ఎందుకేస్తాను? నా మొగుణ్ణి ఓడించింది."

లాయరు బోర్డువాళ్ళ వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. "అంటే ఆమెను కాపాడ్డానికి అబద్ధమాడాల్సిన అవసరం మీకు లేదు."

"కాపాడ్డమా? నీళ్ళలో పడితే తాడు విసురుతానేమో. అదీ తిట్టాకే."

"అయితే నిజం చెప్పండమ్మా. ఆమె నిజంగా మీ ఇంట్లో ఉంటున్నారా?"

అత్త ఊపిరి పీల్చుకుంది. ఇక ఆనకట్ట తెగింది.

"ఉంటోందా అంటావేంటి నాయనా! ఉండకపోతే నా బతుకు ఇలా ఎందుకుంటుంది? గురక పెడితే నా గోడ మీద మేకులు ఊడుతున్నాయి. స్నానాల గదిలోకి పోతే 'నీ సన్నిధి విడువను ప్రభువా' అని పాడుతుంది, నిజంగానే విడవదు! టీ పొట్లాలు పిండి సింకులో వదిలేస్తుంది, చచ్చిన ఎలకల్లా. మొన్న చలికి నా ఊలు మేజోళ్ళు తొడుక్కుని, సాగదీసి, నావి కావంటుంది. ఇవాళ పొద్దున్న ఏం చేసిందో తెలుసా? నేను బాత్రూంకెళ్ళి వచ్చేలోపు జావ గిన్నెలో మూడు గరిటెల పంచదార! నా గిన్నె, నా పొయ్యి, నా జావ! ఈ బోర్డుకేమైనా అధికారముంటే ఆమెను మా ఇంట్లోంచి పంపించెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది. ఉండట్లేదంట! ఒక్కపూటైనా ఉండకుండా ఉంటే దేవుడికి కొబ్బరి కేకు చేసి పెడదును!"

బోర్డు అధ్యక్షుడు అవతలి పార్టీ మనిషే. రుమాలుతో మొహం కప్పుకున్నాడు గానీ భుజాలు ఊగిపోతున్నాయి. కాసేపటికి తేరుకుని, "లాయరు గారూ, ఈ సాక్షి మీరు పిలిచినావిడే కదా?" అన్నాడు. "నాకు పెళ్ళై చాలా ఏళ్ళయింది. ఒకే కప్పు కింద ఉండనివాళ్ళ మీద ఇంత కోపం రాదు." ఫిర్యాదు కొట్టేశారు.

కారులో తిరిగొస్తుంటే వెనక సీట్లోంచి జెరూషా అడిగింది. "నేను నిజంగా గురక పెడతానా?"

"మరి? ప్రమాణం చేసి చెప్పాను కదే," అంది అత్త.

అంతా కుదురుకుందనుకునేసరికి కోర్టు తీర్పు వచ్చింది. ఆ సరిహద్దులు చెల్లవు, అవి ఓటర్లను పార్టీ చూసి విడగొట్టినవి, కొత్తగా గియ్యండి అని. మేము చర్చి గంట కొట్టాం. కొత్త పటం వచ్చింది. పంచదార కాస్త సమంగానే సర్దారు, ఆ మాట ఒప్పుకోవాలి. గీత మాత్రం మళ్ళీ మా పత్తిమిల్లు రోడ్డు మీదే పడింది, పక్కలు మారాయంతే. ఇప్పుడు తూర్పు జెరూషా నియోజకవర్గంలోకి వచ్చింది, పడమర వేరేదాంట్లోకి పోయింది. ఈసారికి ఏడాది నియమం లేదు, ఎవరింట్లో వాళ్ళుండి నిలబడవచ్చని కోర్టు చెప్పింది.

జెరూషా పెట్టె సర్దుకుంది. వెళ్తూ గుమ్మంలో నిలబడి, "వెర్నెల్, ఉంటాను మరి," అంది.

"ఉంటానని వెళ్ళిపోతున్నావేంటి," అంది అత్త, మొహం పొయ్యి వైపే ఉంచి.

ఆ తర్వాత మా ఇంట్లో జావ ఎవరూ పాడు చెయ్యలేదు. అత్త పొద్దున్నే గిన్నె పొయ్యి మీద పెట్టి, కావాలని పక్క గదిలోకి వెళ్ళి వచ్చి, రుచి చూసేది. ఉప్పే ఉండేది. రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసేది. టీవీ గొంతు తగ్గింది. సింకులో టీ పొట్లం ఒకటి కనిపించి నేను పారెయ్యబోతే, "ఉండనీ," అంది. ఆ మనిషికి చెప్పుకోవడం రాదు, చెప్పుకోవడానికి తిట్టడం తప్ప వేరే భాష లేదు.

ఆకులు రంగు మారే వేళకు మాదిరి బ్యాలెట్లు ఇళ్ళకు వచ్చాయి. అత్త తనది ముందుకూ వెనక్కూ తిప్పి చూసింది. అందులో ఎవరో ముక్కూ మొహం తెలియని ఇద్దరి పేర్లున్నాయి. జెరూషా పేరు లేదు.

"డెల్ఫీన్, ఓటు ఇంకో ఇంటికి మార్చుకోవడానికి ఎన్ని రోజుల గడువుంది?"

"ఎన్నికకు నెల ముందు ఇల్లు మారితే చాలత్తా. ఎందుకు?"

మర్నాడు నేను బస్సు షెడ్డులో పెట్టి వచ్చేసరికి వసారాలో పెట్టె కట్టి ఉంది. అత్త చర్చికి వేసుకునే గౌను వేసుకుని, చంకలో ఉప్పు డబ్బా పెట్టుకుని నిలబడింది. "ఇల్లు చూసుకో. నీ ఓటు ఇక్కడే ఏడవనీ, ఎవరో ఒకళ్ళు తాళాలు కాయాలి," అని రోడ్డు దాటింది. పెట్టె మోసుకుంటూ నేను వెనక నడిచాను.

జెరూషా వసారాలో చిక్కుళ్ళు వలుస్తోంది. "ఏంటే, పెట్టేబేడాతో వచ్చావు? యుద్ధానికా?"

"ఓటుకి."

"అంటే... నా ఇంట్లో ఉండి, నా తిండి తిని, నాకు వ్యతిరేకంగా వేస్తావన్నమాట."

"నువ్వు నా ఇంట్లో ఉండి, నా మేజోళ్ళు తొడుక్కుని, నా మొగుడి సీటుకి పోటీ చెయ్యలేదూ? గది చూపించు."

జెరూషా చిక్కుళ్ళ గిన్నె కింద పెట్టింది. నోరు తెరిచింది, మూసింది. శాసనసభలో ఎవరూ మూయించలేని నోరది. గది చూపించింది.

ఎన్నిక సాయంత్రం హాలు కిటకిటలాడింది. మిగతా చోట్ల లెక్కలు ఫోన్లలో వచ్చేశాయి. రెండు పార్టీలూ గోరంత తేడాతో ఉన్నాయి. మిగిలింది మా ఓట్ల పెట్టె ఒక్కటే. జెరూషా మొదటి వరసలో కూర్చుంది. అత్త ఎప్పటిలా వెనక బెంచీ మీద కర్ర మీద గడ్డం ఆనించి కూర్చుంది. మోయ్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. ముందు అవతలి అభ్యర్థి ఓట్లు చదివారు, తర్వాత జెరూషావి. ముందు వరసలో పాస్టర్ గారు వేళ్ళ మీద కూడి, ఎగిరి నిలబడ్డారు.

"గెలిచావమ్మా! జెరూషమ్మా, గెలిచాం!"

ఆమె చెయ్యెత్తి ఆపింది. మోయ్ గారు ఇంకా చదవడం పూర్తి చెయ్యలేదు. హాలంతా నోళ్ళు తెరిచి, ఆమెన్ నాలుక మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. మోయ్ గారు కాయితం తిరగేశారు, మళ్ళీ ఇటు తిప్పారు. "ఇతరులు," అన్నారు. ఆగారు. "ఎవరూ లేరు."

జెరూషా లేచింది. "మోయ్ గారూ, సరిగ్గా చూడండి. లెమ్యుయెల్ ఓటు ఉండాలి."

"లేదమ్మా."

ఆమె వెనక్కి తిరిగి, చప్పట్లు కొట్టబోతున్న జనాన్ని తోసుకుంటూ వెనక బెంచీ దగ్గరికి వెళ్ళింది. ఆమె కళ్ళలో గెలిచిన మనిషి లేదు. "వెర్నెల్, వెయ్యలేదా? ఇంత దూరం పెట్టె మోసుకొచ్చి, లోపలికెళ్ళి, వెయ్యకుండా వచ్చేశావా?"

"వేశాను."

"మరి లెమ్యుయెల్ ఏడే?"

అత్త కర్రను చూసింది, కిటికీ చూసింది, ఎక్కడా దారి దొరక్క చివరికి ఆమెనే చూసింది.

"ఆయన ఈసారి నీకే వేశాడు. నీ కేకు తిన్నాడుగా."

జెరూషా పక్కనే బెంచీ మీద కూలబడింది. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మోయ్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. అత్త కాసేపు చూసి, ఇక భరించలేక, ఆమె భుజాన్ని కర్రతో మెల్లగా పొడిచింది.

"చాల్లే ఏడుపు. రేపు పొద్దున్న జావ నేను కాస్తాను. ఉప్పుతో."

టోపీ వెనక నుంచి జెరూషా అంది, "ఆమెన్."